కందెన

అనంతపురపు మెట్టసీమలో ఎద్దుబండ్లు బాటలన్నిటను నిండియున్న కాలమున బండి క్రింద ఒక చిన్న వెదురుగొట్టము వ్రేలాడుచుండెడిది. అందులో కందెన యుండెడిది. ఆముదములో కాల్చిన గడ్డిమసిని కలిపి చిక్కగా మెదిపి, ఇరుసునకును చక్రనాభికిని నడుమ పూయునట్టి నల్లని ముద్దయే కందెన. దూరప్రయాణమునకు బయలుదేరు రైతు ఎద్దులకు నీరు త్రాపించుట ఎట్లు మరువడో, సీల నూడదీసి, చక్రమును కొంచెము వెలుపలికి లాగి, ఇరుసునకు కందెన పెట్టుటయు అట్లే మరువకుండెడివాడు. ఒకవేళ మరచినను బండియే జ్ఞాపకము చేసెడిది. కిర్రుకిర్రుమను ఆ చప్పుడు పొలిమేర దాటకమునుపే ఊరివారందరి చెవుల బడెడిది. “కందెన వేయని బండికి కావలసినంత సంగీతము” అని పెద్దలు పరిహాసముగా చెప్పిన సామెత అట్లు పుట్టినదే.

నేడా బండ్లు అరుదైనవి. కదిరి, కల్యాణదుర్గము, రాయదుర్గము, మడకశిర ప్రాంతముల పల్లెలలో ఎద్దుబండి చేయుచుండిన పనులలో పెక్కింటిని మోటారుసైకిలు చేయుచున్నది. తెల్లవారకముందే పాలక్యానులు దానిమీదనే పోవును. టమోటా బుట్టలు దానిమీదనే పోవును. హిందూపురపు పట్టుగూళ్ళ అంగడికి గూళ్ళ మూట దానిమీదనే చేరును. నడిరాత్రి జ్వరము తగిలిన బిడ్డను ఆసుపత్రికి చేర్చునదియు అదియే. బండి మారినది గాని కందెన యక్కర మారలేదు. అది ఇరుసుమీదినుండి ఇంజను కడుపులోనికి పోయి, కంటికి కనబడకుండ దాగినది. కంటికి కనబడని దానిని మనుష్యుడు త్వరగా మరచును. ఇంజను ఎద్దుబండివలె ముందుగా సంగీతము పాడి హెచ్చరింపదు. అది పాడ నారంభించునప్పటికే లోపల చేటు చాలవరకు జరిగియుండును.

ఎంత నునుపు చేసిన లోహపు ముఖమైనను సూక్ష్మదర్శినిలో చూచినచో గట్లును పల్లములును కలిగి యుండును. అట్టి రెండు ముఖములు ఒకదానినొకటి ఒత్తుకొని జరుగునప్పుడు ఈ గట్లు ఒండొంటితో తగులుకొని విరుగును. విరిగినప్పుడు వేడి పుట్టును. వేడి హెచ్చినకొలది లోహము వ్యాకోచించి మరింత బిగుసుకొనును. దీనినే ఘర్షణమందురు. మోటారుసైకిలు ఇంజనులో సిలిండరు అను గొట్టములోపల పిస్టను పైకిని క్రిందికిని కదలుచుండును. నిమిషమునకు 6,000 చుట్లు తిరుగుచున్న ఇంజనులో సెకనునకు 100 చుట్లు. ఒక్కొక్క చుట్టులో పిస్టను ఒకమారు పైకి పోయి ఒకమారు క్రిందికి వచ్చును గనుక సెకనునకు 200 పర్యాయములు సిలిండరు గోడను రాచుకొనుచున్నదన్నమాట. నడుమ నూనె లేనిచో ఈ రాపిడికి పిస్టను కొలది నిమిషములలోనే గోడకు కరచుకొని నిలిచిపోవును. “ఇంజను సీజు అయినది” అని మెకానిక్కులు చెప్పునది ఈ స్థితినే.

నూనె ఈ రాపిడిని ఎట్లు మాన్పునో చిరకాలము ఎవరికిని సరిగా తెలియదు. నూనె జారుడుగా నుండును గనుక వస్తువులు జారుచున్నవని మాత్రము తలచుచుండిరి. 1883 ప్రాంతమున ఇంగ్లండులో బ్యూచాంప్ టవర్ అను ఇంజనీరు రైలుబండి ఇరుసులపై పరిశోధనలు చేయుచుండెను. తిరుగుచున్న ఇరుసుపై ఆనియుండు లోహపు దిమ్మను బేరింగు అందురు. నూనె పోయుటకై ఆయన ఆ దిమ్మకు నడినెత్తిన ఒక రంధ్రము చేయించెను. ఇరుసు తిరుగనారంభింపగనే, పైనుండి పోయవలసిన నూనె క్రిందినుండి ఆ రంధ్రము గుండ పైకి ఉబికి వచ్చినది. చికాకుపడి దానికొక బిరడా బిగించిరి. బిరడా మెల్లగా పైకి లేచి ఊడిపడినది. మరల బిగించిరి, మరల ఊడినది. ఇది సామాన్యవిషయము కాదని గ్రహించి టవర్ ఆ రంధ్రమునకు ఒత్తిడిని కొలుచు సాధనమును తగిలించెను. చదరపు అంగుళమునకు 200 పౌనుల వరకు కొలువగల ఆ సాధనపు ముల్లు తుదిగీతను దాటిపోయినది. ఇరుసు తాను తిరుగుచు నూనెను తనతో లాగికొనిపోయి ఇరుకుచోటున దూర్చుచున్నది. అట్లు దూరిన నూనె అపారమైన ఒత్తిడితో బరువంతటిని తన వీపున మోయుచున్నది. ఇరుసు లోహముపై తిరుగుటయే లేదు, నూనెపై తేలియాడుచున్నది. 1886లో ఆస్‌బర్న్ రేనాల్డ్స్ అను శాస్త్రజ్ఞుడు దీనికి గణితముచే ఉపపత్తి చూపెను. బిరడా ఊడిపోయినందులకు విసిగికొని దిమ్మను పారవేసియున్నచో ఈ సత్యము మరికొంతకాలము మరుగుననే యుండెడిది కాబోలు.

ఇంజనులోపల ఈ నూనెపొర మందము మైక్రానులలో లెక్కింపదగినంత స్వల్పము. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. మనుష్యుని తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. నూనెపొర అందులో పదియవ వంతో, ఇంకను తక్కువయో యుండును. ఈ కొలతను జ్ఞాపకముంచుకొనవలెను. అనంతపురపు ధూళిని గూర్చి చెప్పునప్పుడు దీని యక్కర కలుగును.

మన బండ్ల కందెనకు మూలమైన ఆముదము ఒకప్పుడు ఆకాశమున కూడ సంచరించినది. 1899లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ అను నతడు లండనులో నూనెల వ్యాపారము స్థాపించెను. 1909లో ఆ సంస్థ మోటారులకును విమానములకును ఆముదము చేర్చిన నూనె నొకదానిని తయారుచేసి, ఆముదమునకు ఆంగ్లమునగల కాస్టర్ ఆయిల్ అను పేరునుండి దానికి క్యాస్ట్రాల్ అని పేరు పెట్టినది. నేడు అనంతపురము, గుంతకల్లు పట్టణముల అంగళ్ళలో ఆకుపచ్చ, ఎరుపు రంగుల గుర్తుతో కానవచ్చు ఆ డబ్బాలపై పేరులో మన ఆముదపు వాసన నేటికిని మిగిలియున్నది. డబ్బాలోని నూనె మాత్రము ఇప్పుడు వేరు.

1914 మొదలు 1918 వరకు జరిగిన ప్రథమ ప్రపంచసంగ్రామమున పెక్కు యుద్ధవిమానములకు రోటరీ అను ఒక వింత ఇంజను అమర్చబడెను. దానిలో సిలిండరులన్నియు ముందరి పంకాతోపాటు గిరగిర తిరుగుచుండెడివి. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమము ఇంజను గర్భమునుండియే పోవుచుండుటచేత, అచ్చట ఖనిజతైలము వాడినచో పెట్రోలు దానిని కరగించి కడిగివేసెడిది. ఆముదము పెట్రోలులో సులభముగా కరగదు. అందుచేత ఆ విమానములకు ఆముదమే శరణ్యమైనది. కాలకుండ మిగిలిన ఆముదము ఇంజనునుండి తుంపురులుగా చిమ్మబడి విమానచోదకుని మొగముపై పడెడిది. గంటలకొలది ఆ ఆవిరిని పీల్చి మ్రింగిన చోదకులకు కడుపులో ఏమి జరుగుచుండెనో, చిన్నతనమున పెద్దలు ముక్కు పట్టుకొని ఆముదము త్రాగించిన ప్రతి తెలుగుబిడ్డకును వేరుగ చెప్పనక్కరలేదు.

వేరుసెనగకును ఇంజనుల చరిత్రలో ఒక స్థానము కలదు. 1900 సంవత్సరమున పారిస్ నగరమందు జరిగిన మహాప్రదర్శనమున ఒక చిన్న డీజిలు ఇంజను వేరుసెనగ నూనెతోనే నడిపింపబడినది. అయితే అచ్చట నూనె ఇంధనముగా వాడబడినది గాని కందెనగా కాదు. మొక్కల నూనెలన్నిటికిని ఒక లోపము కలదు. ఎక్కువ వేడిలో ఎక్కువకాలము ఉన్నచో గాలిలోని ప్రాణవాయువుతో కలిసి బంకగా మారును. వంటయింటిలో నూనెమూకుడు అంచున పేరుకొనిన జిగురును చూచినవారికిది తెలియును. ఆ బంక పిస్టను కట్ల సందులలో చేరినచో కట్లు బిగిసిపోవును. అందువలన భూగర్భమునుండి తీసిన ముడినూనెను శుద్ధిచేయగా వచ్చు తైలమే నేటి ఇంజనులకు కందెన అయినది. దానికి తుప్పును, ఆమ్లమును, మసిని ఎదుర్కొను ద్రవ్యములను చేర్తురు.

నూనె డబ్బాపై “20 డబ్ల్యు 40” అనియో “10 డబ్ల్యు 30” అనియో యుండు అంకెలను చూచి వెల యనుకొనువారును, బలమనుకొనువారును కలరు. అవి నూనెయొక్క స్నిగ్ధతను, అనగా చిక్కదనమును తెలుపు గుర్తులు. పుష్యమాసపు ఉదయమున నేయి గిన్నెలో గడ్డకట్టుటయు, అదే నేయి పొయ్యిచెంత నీరువలె పలుచనగుటయు ఎల్లరు చూచినదే. ఇంజను నూనెయు చలిలో చిక్కనై వేడిలో పలుచనగును. మరీ చిక్కనైనచో ఉదయము ఇంజను మొదలిడునప్పుడు సందులలోనికి పారదు. మరీ పలుచనైనచో ఇంజను కాగినప్పుడు పొర నిలువదు. డబ్ల్యు అను అక్షరము శీతకాలమును సూచించును. దానికి ముందరి అంకె చలిలో నూనె ఎట్లు పారునో, వెనుకటి అంకె నూరు డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా నిలుచునో తెలుపును. ముందరి అంకె చిన్నదైనకొలది ఎక్కువ చలికి తట్టుకొనును. చలిలో ముడుచుకొని వేడిలో విచ్చుకొను పొడవైన అణువులుగల పదార్థమును కలుపుటచేత ఒకే నూనె ఈ రెండు గుణములను పొందగలుగుచున్నది.

ఈ ముందరి అంకెకు నిజమైన ప్రాధాన్యము హిమదేశములలో తెలియును. కెనడా దేశమందలి క్విబెక్ రాష్ట్రమున వాల్కోర్ట్ అను ఊర జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ అను మెకానిక్కు ఉండెను. 1934 శీతకాలమున ఆయన పసికొడుకునకు ప్రాణముమీదికి వచ్చినది. దారులన్నియు మంచుతో మూసికొనిపోయినందున బిడ్డను ఆసుపత్రికి చేర్చలేకపోయెను. బిడ్డ మరణించెను. మంచుపై నడువగల బండికొరకు అంతకుముందునుండియే ఆయన ప్రయత్నించుచుండెను. ఆ దుఃఖముతో ఆ ప్రయత్నము మరింత పట్టుదలగా సాగినది. 1937లో అట్టి బండ్ల పట్టా చక్రమునకు ఆయన పేటెంటు పొందెను. 1959లో ఒకరిద్దరు ఎక్కి పోదగిన స్కీడూ అను చిన్న మంచుబండిని అమ్మకమునకు తెచ్చెను. ముందు రెండు జారుడు పలకలు, వెనుక తిరుగు రబ్బరు పట్టా, నడుమ మోటారుసైకిలు ఇంజనువంటి చిన్న ఇంజను, ఇదే దాని రూపము. ఇప్పుడు కాశ్మీరమందలి గుల్మార్గులో కూడ ఇట్టి బండ్లు తిరుగుచున్నవి. సున్నకు దిగువ 30, 40 డిగ్రీల చలిలో సాధారణమైన నూనె గడ్డకట్టిన నేయివలె కదలక పడియుండును గనుక వానికి ప్రత్యేకమైన నూనె వాడుదురు.

ఆ మంచుబండ్లలో చాలవాటికిని, ఒకప్పటి మన మోటారుసైకిళ్ళకును ఒక పోలిక కలదు. 1961 మొదలు మైసూరులో తయారైన జావా బండ్లు, పిమ్మట వచ్చిన యెజ్డీలు టూస్ట్రోకు ఇంజనుగలవి. అట్టివానిలో నూనె వేరుగా నిలువయుండదు. పెట్రోలులోనే కొలతప్రకారము కలిపి పోయవలెను. అది పనిచేసి, పెట్రోలుతోపాటు తానును కాలిపోయి నీలిపొగయై పోవును. పెట్రోలుబంకులో బండి నిలిపి “ఆయిలు కలిపి పోయుము” అని చెప్పుట ఆనాటివారికి అలవాటు. ఆ పొగయే ఆ బండ్లకు ముప్పు తెచ్చినది. పొగను గూర్చిన నిబంధనలు కఠినమైనకొలది 20వ శతాబ్దాంతమునకు మనదేశమున టూస్ట్రోకు మోటారుసైకిళ్ళు వెనుకబడి, ఫోర్‌స్ట్రోకువి వాని స్థానము నాక్రమించినవి.

ఫోర్‌స్ట్రోకు బండిలో నూనె ఇంజను అడుగున నిలువయుండి, పైకి చిమ్మబడి, మరల క్రిందికి చేరుచు తిరుగుచుండును. చిన్న బండ్లలో అది ఇంచుమించు ఒక లీటరు. ఆ లీటరు నూనెయే పిస్టనును కాపాడవలెను, గేరుచక్రములను కాపాడవలెను, క్లచ్చు పలకలను తడుపవలెను, వేడిని మోసికొని పోవలెను, మసిని కడుగవలెను. కారులో గేరులకు వేరే నూనె యుండును. మోటారుసైకిలులో సామాన్యముగా అన్నిటికిని ఒక్కటే. గేరుపండ్ల నడుమ నలిగి నలిగి, పైన చెప్పిన పొడవైన అణువులు తునిగిపోవును. అందుచేత మోటారుసైకిలు నూనె కారు నూనెకంటె త్వరగా పలుచబడును. కారుకై చేసిన కొన్ని నూనెలలో జారుడును హెచ్చించు ద్రవ్యములుండును. అవి బండిలో పోసినచో క్లచ్చు పలకలు పట్టుచిక్కక జారును. ఇంజను అరచుచుండును గాని బండి ముందుకు సాగదు. మోటారుసైకిలు నూనె డబ్బాపై జాసో ఎమ్.ఏ. అను గుర్తు ఉండుటకు కారణమిది.

ఇక అనంతపురపు ధూళి మాట. ఈ సీమలో సంవత్సరమునకు సగటున పడు వర్షము సుమారు 550 మిల్లీమీటరులు మాత్రమే. నేల చాలవరకు ఎర్రనేల. నల్లరాతి గుట్టలు యుగయుగములుగా శిథిలమై ఏర్పడిన మట్టి అది. ఆ రాతిలోని మెత్తని ఖనిజములు మన్నైపోవును గాని స్ఫటికపు రేణువులు మన్నుకావు. అవి ఇసుకగా, ధూళిగా మిగులును. స్ఫటికము సామాన్యమైన ఇనుమును గీరగల కఠినవస్తువు. జ్యేష్ఠ, ఆషాఢ మాసములలో ఈ పీఠభూమిపై వీచు గాలి సామాన్యమైనది కాదు. రామగిరి కొండలపై గాలిమరలను నిలిపినది ఆ గాలిని నమ్ముకొనియే. (ఆ మరల నెత్తిన, అంత ఎత్తుననున్న గేరుపెట్టెకును నూనె మార్చుటకు మనుష్యులు ఎక్కవలసినదే.) హగరి యొడ్డున కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతములలో ఆ గాలికి ఇసుక లేచి పొలములపై తిన్నెలుగా పడుచున్నది. పొలమును కప్పు ఇసుక కంటికి కనబడును. ఇంజనులోనికి పోవు ధూళి కనబడదు.

ఇంజను త్రాగు పెట్రోలును అందరు లెక్కించుకొందురు. అది పీల్చు గాలిని లెక్కించువారు లేరు. ఒక పాలు పెట్రోలు మండుటకు బరువునుబట్టి దాదాపు 15 పాళ్ళ గాలి కావలెను. ఆ లెక్కన ఒక లీటరు పెట్రోలు ఖర్చగునప్పటికి ఇంజను 9,000 లీటరులకు పైగా గాలిని పీల్చును. ఆ గాలి మన్నుబాటలో ముందుపోవు లారీ లేపిన ధూళితో నిండినదైనచో ఎంత మన్ను లోపలికి పోవునో ఊహింపవచ్చును. పెద్ద ఇసుకరేణువులకంటె కొన్ని మైక్రానుల పరిమాణముగల సన్నని ధూళియే హానికరము. ఏలన, నూనెపొర మందము ఎంతయో ఆ రేణువును సుమారు అంతయే. పెద్దది సందులో దూరదు. మరీ చిన్నది నూనెలో తేలిపోవును. సరిగా సరిపోయినది మాత్రము రెండు లోహముల నడుమ చిక్కి, సానరాతివలె రెంటిని గీరును. కందెనగా నుండవలసిన నూనె అప్పుడు సానపట్టు ముద్దగా మారుచున్నది.

కావున ఈ సీమలో ఇంజను ఆయువు నూనెపై ఎంత ఆధారపడునో ఎయిర్ ఫిల్టరుపైనను అంతయే ఆధారపడును. నురుగువంటి స్పంజితో చేసిన ఫిల్టరునైనచో ఉతికి, ఆరబెట్టి, కొంచెము నూనె పట్టించి వాడవలెను. పొడికాగితపు ఫిల్టరును తట్టి దులుపవచ్చునే గాని తడుపరాదు. తయారగునప్పుడే నూనె పట్టించిన కాగితపు ఫిల్టరులను శుభ్రపరచు యత్నమే చేయక, గడువు తీరగనే మార్చవలెను. పాత ట్రాక్టరులలోను ఆయిలింజనులలోను గాలి ఒక నూనెగిన్నె గుండ పోవును. ధూళి ఆ నూనెకు అంటుకొని అడుగున మడ్డిగా చేరును. గాలికాలమున దుక్కి సాగుచున్నప్పుడు ఆ గిన్నెను ప్రతిదినము తీసి చూడవలెను. ఫిల్టరు అడ్డమువలన బండి లాగుట లేదని దానిని తీసి పారవేయు కుఱ్ఱవారు కొందరు కలరు. బండి కొన్నాళ్ళు చురుకుగానే పోవును. పిమ్మట నూనె త్రాగ మొదలిడును, పొగ విడువ మొదలిడును. కొన్ని వందల రూపాయలతో పోవలసినది కొన్ని వేలతో గాని తీరదు. పాలు పోసి దినము గడపుకొను కుటుంబమునకు బండి వారము దినములు మెకానిక్కు కొట్టున పడియుండుట మరమ్మతు ఖర్చును మించిన నష్టము.

నూనెను గూర్చి కొన్ని అపోహలు వ్యాపించియున్నవి. నూనె నల్లబడినది గనుక చెడిపోయినదని తలచుట వానిలో నొకటి. మసిని అడుగున పేరుకొననీయక తనలో తేలించుకొనుట నూనె పనియే. ఆ పని చేయుచున్న నూనె నల్లబడక తప్పదు. రంగు చూచి కాక, బండితో ఇచ్చిన పుస్తకములో వ్రాసిన కిలోమీటరులనో నెలలనో చూచి మార్చవలెను. ధూళిబాటలలో తిరుగు బండికి ఆ గడువును తగ్గించుకొనవలెను. ఎక్కువ నూనె పోసిన ఎక్కువ మేలనుట మరియొక అపోహ. ఎక్కువైన నూనెను తిరుగుచక్రము చిలుకగా అది మజ్జిగవలె నురుగెత్తును. నురుగులో గాలి యుండును గాని బలముండదు. నూనెమట్టము చూచుటకు బండిని సమతలమున నిలువుగా నిలిపి, ఇంజను ఆపి కొన్ని నిమిషములు తాళి, కడ్డీని గుడ్డతో తుడిచి ముంచి చూడవలెను. పెక్కు బండ్లలో కడ్డీని మరలో బిగింపక ఊరక ఆనించియే చూడవలెనని పుస్తకము చెప్పును. బిగించి చూచినచో మట్టము ఉన్నదానికంటె ఎక్కువగా కనబడి మోసము చేయును. పాత నూనెను తీయునప్పుడు ఇంజను గోరువెచ్చగా నుండవలెను. చల్లారిన నూనెతోపాటు మడ్డి దిగిరాదు.

బండి పెద్దగా తిరుగుట లేదు గనుక నూనె అట్లే యున్నదనుకొనుట అన్నిటికంటె పెద్ద పొరపాటు. ఒక లీటరు పెట్రోలు మండినచో ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరిరూపమున పుట్టును. నీటికై అలమటించు సీమలో ఈ సంగతి వినుటకు వింతగా నుండును! ఆ ఆవిరిలో అధికభాగము పొగగొట్టమునుండి పోవును. కొంత పిస్టను సందులనుండి దిగి నూనెలో చేరును. ఇంజను చాలసేపు వేడిగా నడచినచో అది మరల ఆవిరియై పోవును. ఊరిలో అంగడివరకు పోయి వచ్చుచుండు బండిలో ఆ నీరు నూనెలోనే నిలిచి, మసితో కలిసి ఆమ్లమై, లోహమును తినును.

పనిలేక పడియుండు యంత్రముల విషయము ఈ సీమకు మరింత ముఖ్యమైనది. వర్షాధారముగా సాగగు వేరుసెనగకు ఊడలు దిగునప్పుడును, కాయలూరునప్పుడును పదును తప్పినచో పంట దక్కదు. 2016 ఆగస్టులో వానలు ముఖము చాటువేయగా అనంతపురము జిల్లాలో ఎండుచున్న వేరుసెనగకు ప్రభుత్వము రెయిన్ గన్నులతో రక్షకతడు లిప్పించినది. కుంటలలోను గుంతలలోను నిలిచిన నీటిని ఆయిలింజనులతో తోడి, గొట్టముల ద్వారా వానవలె చిమ్మించుట ఆ పద్ధతి. అట్టి తడికి గడువు కొద్దిదినములే. సంవత్సరము పొడవున కొట్టములో పడియుండిన ఇంజను ఆ కొద్దిదినములలోనే నడువవలెను. ఆనాడు నడువనిదానికి తరువాత నడుచుటతో పనిలేదు.

ఇచ్చట మంచుదేశమువారి అలవాటు మనకు పనికివచ్చును. వారి మంచుబండ్లు మంచు కరగినది మొదలు తిరిగి కురియువరకు మూలబడియే యుండును. వారు బండిని మూలబెట్టుటకు ముందే పాత నూనెను తీసి కొత్త నూనె పోయుదురు. సిలిండరులోనికి సన్నని నూనె తుంపురులను చిమ్మి గోడలకు పూత పట్టింతురు. తరువాతనే బండిని కప్పి పెట్టుదురు. మనలో చాలమంది చేయునది దీనికి విరుద్ధము. ఆమ్లము, నీరు, మసి నిండిన నూనెతోనే ఇంజనును నిలిపి, అవసరము వచ్చినప్పుడు మార్చవచ్చునని విడిచిపెట్టుదురు. నూనె చేయగల చేటంతయు ఆ నెలలలోనే, చప్పుడు లేకుండ, జరిగిపోవును. ఆయిలింజనునకు మోటారుసైకిలువలె దూరమును చూపు మీటరుండదు. నడచిన గంటలే దానికి కొలత. పంపుగది గోడపై దినమున కొక గీత బొగ్గుతో గీసి గంటలు వ్రాసికొనిన చాలును.

ఈ విద్యను నేర్పుటకు అనంతపురమునకు ఉత్తరముగా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. అది 1983లో ఏర్పడినది. రైతులకును, యువకులకును, మెకానిక్కులకును ట్రాక్టరు మొదలగు యంత్రముల వాడుకయందును సంరక్షణయందును అచ్చట శిక్షణ యిత్తురు. వ్యవసాయ యంత్రములను పరీక్షించుటయు ఆ సంస్థ పనులలో నొకటి. ఇంజను పరీక్షలలో ఎంత ఇంధనము త్రాగినదను లెక్కతోపాటు ఎంత కందెన నూనె ఖర్చయినదను లెక్కయు నుండును. పరీక్ష ముగిసిన పిదప భాగముల నూడదీసి ఏది ఎంత అరిగినదో కొలుతురు. మంచి యంత్రమేదో చెప్పుటకు రంగును వేగమును కాక అరుగుదలను చూచుట సరియైన పద్ధతి.

తీసివేసిన పాత నూనె సంగతి మిగిలినది. బండ్ల ఇరుసులకు పూయుటకును, చెదలు పట్టకుండ గుంజలకు పూయుటకును దానిని కొందరు తీసికొనిపోదురు. ఎక్కువభాగము కొట్టు వెనుక నేలమీదను, మురుగుకాలువలోను పోవుచున్నది. పాత నూనెలో అరిగిన లోహపు రజను, మండుటచే పుట్టిన విషపదార్థములు నుండును. ఒక గ్యాలను పాత నూనె పది లక్షల గ్యాలనుల మంచినీటిని చెరుపగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెప్పుచున్నది. వందల అడుగుల లోతునకు బోరు వేసి, నీరు పడునో పడదో యని రైతు ఊపిరి బిగబట్టి చూచునట్టి నేలలో, ఆ బోరు ప్రక్కనే పంపు ఇంజను నూనెను గుమ్మరించుట కంటె అన్యాయము మరియొకటి లేదు. 2016 నాటి నిబంధనల ప్రకారము వాడిన నూనె ప్రమాదకరమైన వ్యర్థపదార్థము. దానిని అనుమతిగల శుద్ధి కర్మాగారములకే చేర్చవలెను. మూతగల డబ్బాలో, నీరు కలియకుండ, పట్టి ఉంచినచో వారు తీసికొందురు.

అట్లు చేరిన నూనెను కర్మాగారమున మొదట కాచి అందులోని నీటిని, పెట్రోలును ఆవిరిచేసి తొలగింతురు. పిమ్మట గాలి తీసివేసిన పాత్రలలో మరల కాచి, నూనెను ఆవిరిగా లేపి చల్లార్చి పట్టుదురు. మసియు, లోహపు రజనును, చెడిన ద్రవ్యములును అడుగున నిలిచిపోవును. నూనె అణువులలో చాలభాగము ఇంజనులో అరిగిపోవు, మలినములతో కలియును అంతే. కావున శుద్ధియైన ఆ తైలమునకు క్రొత్త ద్రవ్యములను చేర్చి, క్రొత్త డబ్బాలలో నింపి, మరల అంగళ్ళకు పంపుచున్నారు.